రంగు తప్పితే తిట్లు మిషన్‌మన్‌కా?
పెళ్లికూతురి పట్టుచీర తెర మీద చిలకాకుపచ్చ, కార్డు మీద బూడిదరంగు! తెనాలైనా, బాపట్లైనా, రేపల్లైనా తిట్లు తినేది మాత్రం ప్రెస్సులో కార్డు అచ్చువేసే మిషన్‌మన్. దోషం చాలాసార్లు పేజ్‌మేకర్ ఫైల్లోనే ఉంటుంది. అను ఫాంట్లకు అలవాటుపడి 2001 నాటి 7.0 వెర్షన్‌ను పట్టుకు వేలాడేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. అందులో ఆర్‌జీబీ టిఫ్ ఫొటో పెట్టి సెపరేషన్లు తీస్తే బొమ్మంతా నలుపు ప్లేటులోకే పోతుంది. మిగతా మూడు ప్లేట్లలో ఆ చోటు ఖాళీ. ఫొటోషాప్‌లో సీఎంవైకేలోకి మార్చి మళ్లీ ప్లేస్ చేస్తే ఆ గొడవ తీరుతుంది. అయినా తెర మీది మెరుపు నాలుగు సిరాలకు పూర్తిగా అందదు. ఆ సంగతి డిజైనర్ ముందే చెప్పాలి. కస్టమర్ కూడా వాట్సాప్‌లో జేపీజీ చూసి ఓకే అనకుండా, కాగితం మీద కలర్ ప్రూఫ్ అడగాలి. ప్రూఫ్ ఖర్చు దండగనుకుంటే, వెయ్యి కార్డులు రెండోసారి వేయించే ఖర్చును ఏమనాలి?