పీఏ కుర్చీ నుంచి పైరవీ కొలువుకు



2025 పత్తి ముచ్చట యాదికి ఉందా? ఆగస్టు 19 నుంచి బయటి దేశాల పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసిండ్రు. ముందుగాల సెప్టెంబర్ 30 దాకనే అన్నరు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించిండ్రు. జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్లకు మన పత్తి పోయేది ఆ దినాలల్లనే. సుంకం తియ్యమని మిల్లుల సంఘాలు బహిరంగంగనే అడిగినయి. అడుగుడు తప్పు కాదు, మనమూ అడుగుతం. కానీ మనం ప్రజావాణిల దరఖాస్తు పెట్టి ఇంటికొస్తం. పెద్ద కంపెనీలు మాత్రం ఫైలు ఏ టేబుల్ మీద ఉందో ఎరుకున్న మనిషినే జీతానికి పెట్టుకోగలుగుతయి.

అమెరికాల లిండా ఫిషర్ అనే ఆమె కాంగ్రెస్ సభ్యుల దగ్గర సహాయకురాలిగ మొదలుపెట్టి, పురుగుమందుల మీద అజమాయిషీ చేసే సర్కారు సంస్థ ఈపీఏల పెద్ద అధికారి అయింది. 1995ల మోన్‌శాంటోకు పోయి, ఆ కంపెనీ తరఫున సర్కారుతోటి వ్యవహారాలు చూసింది. 2001ల మళ్ల అదే ఈపీఏకు రెండో పెద్ద అధికారిగ వచ్చింది. అంతా చట్టం ప్రకారమే.

"పీఏ కూడ బతకాలె కదా" అంటరు. బతకాలె. నా భయం ఆయన పోయినంక చేసే పని మీద కాదు, పోకముందు చేసే పని మీద. 2006ల బీటీ పత్తి విత్తనం ధర మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు మోన్‌శాంటో మీద కేసు నడిపింది. 1,600 దాటిన ప్యాకెట్ 750కి దిగింది. ఆ ఫైలు చూసినోళ్లు రేపటి కొలువు కోసం కంపెనీ దిక్కు చూసి ఉంటే, ఆ ధర దిగుతుండెనా?

కేంద్రంల రిటైరైన పెద్ద అధికారులు ఏడాది దాకా అనుమతి లేకుండ ప్రైవేటు కొలువు చెయ్యొద్దని నియమం ఉంది. ముందు రెండేండ్లు ఉండేది, దాన్నీ తగ్గించిండ్రు. నాయకులు బయటి నుంచి తెచ్చుకున్న పీఏలకు, ఓఎస్డీలకు అది వర్తించదు. అమెరికాల పైసలు తీసుకొని పైరవీ చేసేటోళ్లు పేరు రాయించుకోవాలె. మన దగ్గర ఆ చట్టమే లేదు.

నేను అడిగేది రెండే. కొలువు ఇడిచినంక రెండేండ్లు అదే శాఖల పైరవీ చెయ్యొద్దు. ఎవరి తరఫున ఎవరు పోతున్నరో జనానికి కనపడేటట్టు రాసిపెట్టాలె.

ఈసారి ఓట్లకు వచ్చినోళ్లను రుణమాఫీతోటి పాటు ఇది కూడ అడుగుండ్రి.