ఎఫ్ పట్టనోడు గిటార్ పట్టొద్దా?

వార్షికోత్సవం దగ్గరికి వచ్చిందంటే మన హాస్టల్‌లో ఒకటే ప్రశ్న. "ఎఫ్ వచ్చిందారా?" ఉన్నది ఒక్క గిటార్. నేర్చుకుందామనేవాళ్లం పదిహేను మందిమి. అందుకని ఎప్పుడో మన సీనియర్లు ఒక పద్ధతి పెట్టారు. ఎఫ్ కార్డ్‌ను ఆరు తీగలూ మోగేటట్టు పట్టినవాడికే స్టేజీ మీద గిటార్. మిగతావాళ్లకు తాళాలు, డప్పు, కోరస్. ఆ పరీక్ష మేమూ పెట్టాం, మాలో కొందరం అందులో తప్పాం కూడా. ఇప్పుడు దాన్ని తీసేయాలని మేమే అంటున్నాం.

కారణం పోయిన ఏడు జరిగిన సంగతి. ఏడో తరగతి తమ్ముడొకడు సి, జి, ఎ మైనర్ చక్కగా వేసేవాడు. పాట మొత్తం లయ తప్పేవాడు కాదు. ఎఫ్ దగ్గర ఆగిపోయాడు. వారం రోజులు వేళ్లు ఎర్రబడేదాకా ఒత్తి, చివరికి గిటార్ తెచ్చి మా మంచం మీద పెట్టి "నా వేళ్లు చిన్నగున్నయ్ అన్నా, నాకు రాదు" అని పోయాడు. మళ్లీ ముట్టలేదు. ఆరోజు మేం వాడికి చెప్పిన సలహా ఒక్కటే: "ఇంకా గట్టిగ ఒత్తురా." ఆ సలహా తప్పని ఇప్పుడు తెలుసు కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

గిటార్ ముట్టనివాళ్ల కోసం ఒక మాట. లావు తీగ ఆరోది, సన్న తీగ మొదటిది. మామూలు కార్డుల్లో కొన్ని తీగలు ఖాళీగా మోగుతాయి. బార్ కార్డ్‌లో చూపుడు వేలు కర్రలాగా అడ్డంగా పడుకోవాలి, మిగతా మూడు వేళ్లు దాని ముందు నిలబడాలి. చూసేవాళ్లకు చూపుడు వేలు ఆరు తీగల్నీ నొక్కుతున్నట్టు కనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. ఎఫ్‌లో ఉంగరపు వేలు ఐదో తీగను, చిటికెన వేలు నాలుగో తీగను మూడో ఫ్రెట్‌లో నొక్కుతాయి. నడిమి వేలు మూడో తీగను రెండో ఫ్రెట్‌లో నొక్కుతుంది. ఇక చూపుడు వేలుకు మిగిలినవి ఆరోది, రెండోది, మొదటిది. మూడే తీగలు! వేలి నడుమ భాగం సడలినా ఏమీ కాదు. మేం మాత్రం మొత్తం వేలును ఇనుప కడ్డీ చేయబోయి చెయ్యంతా బిగుసుకునేటట్టు చేసుకున్నాం.

వేలును పూర్తిగా బోర్లా పెడితే మెత్తటి కండ తీగ కింద పడుతుంది. కొంచెం బొటనవేలి వైపుకు ఒరిగించి, ఎముక ఉన్న అంచుతో పెట్టాలి. ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని పెట్టాలి, దూరంగా కాదు. ఏదైనా తీగ మూగబోతే అది వేలి గీత సందులో పడిందేమో చూడాలి. అలా పడితే బలం పెంచకుండా వేలును అర సెంటీమీటరు పైకో కిందికో జరపాలి. బొటనవేలు మెడ వెనక, చూపుడు వేలుకు ఇంచుమించు ఎదురుగా ఉండాలి. మోచేయి ఒంటి దగ్గరికి రావాలి. అప్పుడు చెయ్యి బరువే తీగను వెనక్కి లాగుతుంది, బొటనవేలు చిమ్టా లాగా నొక్కే పని తగ్గుతుంది. వేలి కొసలు మండితే భయం లేదు. మణికట్టు నొస్తే మాత్రం ఆపేయాలి.

మనలో చాలామంది ఇళ్లలో అమ్మలు బీడీలు చేస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కడతారు. వెయ్యికి ఇంత అని కూలి. ఆ వేళ్లను ఎన్నడైనా పరీక్షగా చూశారా? గట్టిగా ఒత్తితే ఆకు పగులుతుంది, వదులుగా చుడితే బీడీ తిరిగొస్తుంది. ఎక్కడ ఎంత ఒత్తాలో అంతే ఒత్తుతారు. ఆ తల్లుల పిల్లలం మనం. "మన వేళ్లు దీనికి పనికిరావు" అనుకోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇంకో సంగతి. పరీక్ష పెట్టేది మొదటి ఫ్రెట్ దగ్గర. అన్నింటికంటే కష్టమైన చోటు అదే. బట్టల దండెం గుంజ దగ్గర ఒత్తి చూడండి, కదలదు. నడుమ ఒత్తితే సులువుగా దిగుతుంది. మొదటి ఫ్రెట్ పక్కనే నట్ ఉంటుంది, అదే గుంజ. అదే ఎఫ్ ఆకారాన్ని ఐదో ఫ్రెట్‌లో పట్టండి. ఎ మేజర్ అవుతుంది, చెయ్యి కూడా అంత నొయ్యదు. అక్కడ మోగాక ఒక్కో మెట్టు దిగాలి. మేం ఈత నేర్పకుండానే పిల్లల్ని లోతు బావిలోకి తోశాం.

బి మైనర్ సంగతీ ఇంతే. చూపుడు వేలు మీద పడే భారం ఐదో తీగ, మొదటి తీగ, అంతే. బి మేజర్ మాత్రం నిజంగానే మొండిది. ఉంగరపు వేలును నాలుగో ఫ్రెట్‌లో మూడు తీగల మీద పడుకోబెట్టాలంటే దాని కొస కీలు వెనక్కి వంగాలి. అందరికీ వంగదు, అది పుట్టుకతో వచ్చేది. వంగనివాళ్లు మూడు వేళ్లు ఇరికించి పెట్టుకోవచ్చు, లేదా చిటికెన వేలును పడుకోబెట్టవచ్చు. మొదటి తీగ మోగకున్నా నష్టం లేదు.

చిన్న ఎఫ్ వేస్తే, కేపో పెడితే మోసమని మనలో ఒక అభిప్రాయం ఉంది. కింది నాలుగు తీగలతోనే ఎఫ్ వస్తుంది. మూడో ఫ్రెట్ మీద కేపో పెట్టి డి, జి, ఎ వేస్తే వినేవాళ్లకు ఎఫ్, బి ఫ్లాట్, సి వినిపిస్తాయి. ఇందులో మోసమేముంది? జాంగో రైన్‌హార్ట్‌కు 1928లో తన బండి ఇల్లు అంటుకుని ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్లతో యూరప్ మొత్తం చెప్పుకునే గిటార్ వాయించాడు. మన పాలకొల్లు శ్రీనివాస్ గారు మాండొలిన్‌కు ఉండే జంట తీగలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకుని కర్ణాటక సంగీతం పలికించారు. ఆయన వాద్యాన్నే తనకు తగ్గట్టు మార్చుకున్నారు. మనం మాత్రం కేపో పెట్టినోణ్ణి వెక్కిరిస్తున్నాం.

బార్ కార్డ్ అక్కర్లేదని మేం అనడం లేదు. ఆ ఒక్క ఆకారం వస్తే మొదటి ఫ్రెట్‌లో ఎఫ్, మూడులో జి, ఐదులో ఎ, ఎనిమిదిలో సి. పాడేవాడి గొంతు ఎక్కడుంటే అక్కడికి జరగవచ్చు. అది నేర్చుకోవాల్సిందే. కానీ గేటు దగ్గర కాపలా పెట్టాల్సినది కాదు.

చివరగా పూర్వ విద్యార్థి అన్నలకు ఒక మనవి. ఈసారి హాస్టల్‌కు రెండో గిటార్ ఇస్తామన్నారు, సంతోషం. అయితే ముందు ఉన్నదాన్ని చూడండి. జామెట్రీ బాక్స్ స్కేలు పెట్టి కొలిచాం. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకు, కమ్మీకి మధ్య ఐదు మిల్లీమీటర్ల ఎత్తుంది. రెండు మూడు ఉంటే చాలు. రేకుల గదిలో ఎండాకాలమంతా తీగలు బిగించి ఉంచాం, మెడ వంగింది. తెలిసిన మేస్త్రీతో మెడ లోపలి కడ్డీ సరిచేయించి, నట్ గాడులు దింపించి, శాడిల్ అరగదీయించి, సన్న తీగలు వేయిస్తే కొత్త గిటార్ ఖర్చులో కొద్ది భాగమే అవుతుంది. ఇన్నేళ్లూ తప్పినవాళ్లలో ఎందరు వేళ్ల వల్ల తప్పారో, ఎందరు ఆ ఐదు మిల్లీమీటర్ల వల్ల తప్పారో ఎవరు చెప్పగలరు?

ఈ ఏడు స్టేజీ మీదికి ఎవరిని పంపాలన్నది పాట మొదటి నుంచి చివరిదాకా లయ నిలబెట్టగలరా అన్నదాన్ని బట్టి చూద్దాం. ఎఫ్ ఎట్లా వేస్తారో వాళ్ల ఇష్టం. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు అరగంట గిటార్ వంతులు మొదలుపెడుతున్నాం. మొదటి వంతు ఆ తమ్ముడిదే. ఇప్పుడు వాడు ఎనిమిదో తరగతి. అడిగితే "ఐదో ఫ్రెట్ కాడ పట్టి సూస్త" అన్నాడు.