మగ్గమునకు వెనుక

కొనువాడు కోరిన చీరను కోరినట్లు నేసి యిచ్చుట చేనేతకు సహజమైన బలము. వేలకొలది గజములు ఒక్కతీరున దింపిననే గాని గిట్టుబాటు కాని మిల్లునకు ఈ బలము లేదు. ఐనను, పది చీరలకు క్రొత్త నమూనా కావలెనని యడిగినచో మన నేతగాడు వెనుకాడుచున్నాడు. లోపము మగ్గమున లేదు. మగ్గమునకు వెనుక నున్నదని మా యభిప్రాయము.

2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి చీరనే చూడుడు. దాని నమూనా మగ్గముపై పుట్టదు. నేతకు ముందే, పోగులను చిటికి కట్టి రంగున ముంచునపుడు పుట్టును. ఒకసారి రంగు పట్టిన పోగు మఱియొక నమూనాకు పనికిరాదు. కావున కోరిక ననుసరించి మాఱగలది రంగు వేయని పట్టుగాని నూలుగాని మాత్రమే. అది పెక్కుమంది నేతగాండ్ర చేతిలో లేదు. ఆసామి యిచ్చినంత, ఆసామి చెప్పినట్లు నేయవలసినదే.

ఈ చిక్కు విడదీయరానిది కాదు. 2017లో పద్మశ్రీ నందిన చింతకింది మల్లేశముగారి యంత్రమువలన, ఒక్క చీరకు ఆసు పోయు పని నాలుగైదు గంటలనుండి సుమారు గంటన్నరకు దిగినది. ఒక దశలో గలిగిన యీ వెసులుబాటు తక్కిన దశలకును గావలెను. సహకార సంఘములు తెల్లపోగును, రంగులను నిలువ యుంచి, కోరిక వచ్చిననాడే చిన్న మొత్తములలో నీయవలెను. కొనువారును కొంత సొమ్ము ముందుగా చెల్లించి, తగిన గడువు నీయవలెను.

అమ్ముడుపోని చీర పెట్టెలో నిదురించును గాని, దానిపై వడ్డీ నిదురింపదు. ఆ భారము తుదకు నేతగాని కూలిపైననే పడుచున్నది.