ఫోన్ నంబరు పాస్‌వర్డ్ కాదు: మన వైఫైని మనమే కాపాడుకుందాం

అపార్ట్‌మెంట్ వాసులకు, హాస్టల్ నిర్వాహకులకు, ఇంటర్నెట్ ఆపరేటర్లకు విజ్ఞప్తి

కొత్త కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు రౌటర్ బిగించి, "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్?" అంటాడు. మనం ఆలోచించేలోపే, "మీ ఫోన్ నంబరే పెట్టేస్తా, గుర్తుంటుంది" అని తనే తేల్చేస్తాడు. సరేనంటాం. ఆ పాస్‌వర్డ్ ఇక రౌటర్ పాడయ్యేదాకా మారదు. ఈ అలవాటుకు స్వస్తి చెప్పాలని కోరుతూ ఈ కరపత్రం.

వైఫై సంకేతం మన గోడ దగ్గర ఆగదు. పక్క ఫ్లాట్‌కు, మెట్ల మీదికి, కింద వీధిలో ఆగిన కారు దాకా పోతుంది. ఫోన్ రౌటర్‌తో కలిసే ప్రతిసారీ వాటి మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. వాటిలో పాస్‌వర్డ్ కనిపించదు. కానీ ఒక ఊహ సరైనదో కాదో తేల్చుకోవడానికి ఆ సందేశాలు చాలు. పొంచి ఉన్నవాడు వాటిని లాప్‌టాప్‌లో పట్టుకుని ఇంటికి పోయి, తీరిగ్గా పాస్‌వర్డ్‌లు సరిచూసుకుంటాడు. మనకు ఆ సంగతే తెలియదు.

లెక్క చూడండి. మన మొబైల్ నంబరు పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షలకు పైగా ఊహలు పరీక్షిస్తుంది. గంటా పది నిమిషాల్లో పని పూర్తవుతుంది. ఇక మన నంబరు తెలిసిన పక్కింటివాడికైతే ఆ శ్రమ కూడా అక్కర్లేదు.

ఇది ఉత్త భయం కాదు. 2021లో టెల్ అవీవ్ నగరంలో ఒక భద్రతా పరిశోధకుడు వీధుల్లో తిరిగి 5,000 వైఫై నెట్‌వర్కుల సంకేతాలు సేకరించాడు. వాటిలో 70 శాతానికి పైగా పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అక్కడా చాలామంది పెట్టుకున్నది మొబైల్ నంబరే.

పాస్‌వర్డ్ చిక్కితే ఏమవుతుంది? ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్న డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో, పాస్‌వర్డ్ తెలిసినవాడు ఆ నాలుగు సందేశాలు కూడా పట్టుకుంటే మిగతావాళ్ల సంకేతాలను విప్పి చదవగలడు. బ్యాంకు యాప్‌లకు వేరే రక్షణ ఉంటుంది, నిజమే. కానీ ఏ సైట్లు చూస్తున్నామో తెలిసిపోతుంది. రక్షణ లేని పాత సీసీ కెమెరా దృశ్యాలు అతని చేతికి పోవచ్చు. గోడ మీద ఒకే పాస్‌వర్డ్ అంటించిన హాస్టల్‌లో ఈ అవకాశం ప్రతి గదికీ ఉంది.

2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిదిద్దింది. ఇందులో ప్రతి ఊహకూ రౌటర్‌ను నేరుగా అడగాల్సిందే, ఇంటికి పట్టుకుపోయి పరీక్షించడం కుదరదు. ముందే రికార్డు చేసి పెట్టుకున్న సంకేతాలు, తర్వాత పాస్‌వర్డ్ తెలిసినా తెరుచుకోవు.

అందుకే మేం కోరేది ఇది:

1. ఇంటివారు ఈ వారమే పాస్‌వర్డ్ మార్చాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే పొడవుగా ఉంటుంది, గుర్తూ ఉంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే ఆన్ చేయండి, డబ్ల్యూపీఎస్ (బటన్‌తోనో పిన్‌తోనో కలిపే పద్ధతి) ఆపేయండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

2. హాస్టళ్లు, కాలేజీలు అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వడం మాని, మనిషికో లాగిన్ ఇవ్వాలి. ఖాళీ చేసి వెళ్లినవారి లాగిన్ అదే రోజు తీసేయాలి.

3. ఆపరేటర్లు ఫోన్ నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టొద్దని తమ సిబ్బందికి గట్టిగా చెప్పాలి. కొత్త కనెక్షన్లకు డబ్ల్యూపీఏ3 రౌటర్లే ఇవ్వాలి.

4. ఆపరేటర్లను కోరిన ఈ మార్పులను కేంద్ర టెలికాం శాఖ నిబంధనగా మార్చాలి. ఇంటర్నెట్‌కు కలిసే గృహోపకరణాలను సులువుగా ఊహించగల పాస్‌వర్డ్‌లతో అమ్మడాన్ని నిషేధించే చట్టం బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉంది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు?

అసోసియేషన్ మీటింగులో లిఫ్టు మరమ్మతు, నీళ్ల ట్యాంకర్లతో పాటు ఈ విషయాన్నీ ఎజెండాలో పెట్టించండి. సెట్టింగ్స్ తెలిసిన పిల్లలు ఫ్లోరుకొకరు ముందుకొస్తే, ఒక్క ఆదివారంలో అపార్ట్‌మెంట్ మొత్తం పని పూర్తవుతుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్న ఇళ్లతో మొదలుపెట్టండి.