కుక్క దిగింది, వంశపత్రం ఏదీ?

హైదరాబాద్‌లో కుక్కపిల్లల ప్రకటనలు చూస్తే ధర పెంచే మాటలు రెండు కనిపిస్తాయి. ఒకటి ‘ఇంపోర్టెడ్ లైన్’, రెండోది ‘కేసీఐ పేపర్లు’. మొదటిది నిజమో కాదో తేల్చాల్సింది రెండోదే. ఆ పేపర్లు ఎక్కడ పుడతాయి, ఎవరు ఇవ్వాలి, ఎప్పుడు అడగాలి అనే ఆరా మాత్రం చాలామంది కుక్క ఇంటికి వచ్చాకే మొదలుపెడతారు. అప్పటికి అమ్మినవాడికి డబ్బు ముట్టిపోయి ఉంటుంది.

విదేశం నుంచి కుక్కతో దిగేవారి సంచిలో కాగితాలకు కొదవ ఉండదు. రేబిస్ టీకా రికార్డు, అక్కడి ప్రభుత్వ పశువైద్యుల ఆరోగ్య ధ్రువపత్రం, మైక్రోచిప్ నంబరు, మన జంతు క్వారంటైన్ కార్యాలయం ముందుగా ఇచ్చే అనుమతి, ఇవన్నీ ఉండాలి. వీటి వెనక 1898 నాటి పశు దిగుమతి చట్టం ఉంది. శంషాబాద్‌తో సహా కొన్ని విమానాశ్రయాల్లోనే ఈ తనిఖీ జరుగుతుంది. 2016 ఏప్రిల్‌లో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇంకో మెలిక పెట్టింది. వ్యాపారానికి, సంతానోత్పత్తికి కుక్కల దిగుమతి కుదరదని చెప్పి, సైన్యం, పోలీసులు, పరిశోధన సంస్థలతో పాటు సొంత పెంపుడు కుక్కలకు మాత్రమే దారి ఉంచింది. ఆ పెంపుడు కుక్క రికార్డులు కూడా తెచ్చేవారి పేరనే ఉండాలి.

ఇన్ని అడిగే ప్రభుత్వం ఆ కుక్క తండ్రి ఎవరని మాత్రం అడగదు. ఆ ప్రశ్న చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాది, అంటే కేసీఐది. అది ప్రభుత్వ శాఖ కాదు, ఔత్సాహికులు నడుపుకునే సంఘం. కస్టమ్స్ దాటి వచ్చిన కుక్క చట్టబద్ధమైన కుక్కే. కేసీఐ పుస్తకంలో మాత్రం దానికి ఇంకా పుట్టుక లేనట్టే.

అక్కడ చోటు దొరకాలంటే పుట్టిన దేశపు క్లబ్ ఇచ్చే ‘ఎక్స్‌పోర్ట్ పెడిగ్రీ’ కావాలి. తండ్రి, తల్లి, తాతముత్తాతల పేర్లు, నమోదు సంఖ్యలు ఉండే అధికారిక పత్రం ఇది. బ్రీడర్ ఇంట్లో ప్రింటు తీసి ఇచ్చే వంశవృక్షం దీనికి బదులు కాదు, దానికి ఎంత అందమైన బంగారు అంచు ఉన్నా సరే. ఆ అధికారిక పత్రాన్ని అడగాల్సింది ఆ దేశపు పుస్తకంలో యజమానిగా నమోదైన వ్యక్తి. చిక్కంతా ఇక్కడే ఉంది. విమానాశ్రయంలో చూపిన పెంపుడు కుక్క రికార్డుల్లో కొన్నవారి పేరు ఉంటుంది, అక్కడి వంశావళి పుస్తకంలో ఇంకా అమ్మినవారి పేరే ఉంటుంది. కుక్క ఒకటే, చిప్ ఒకటే, యజమానులు మాత్రం ఇద్దరు.

అమ్మినవారు కావాలనే తలుపు మూసి ఉంచడమూ ఉంది. 1873లో ఏర్పడిన బ్రిటన్ కెన్నెల్ క్లబ్ బ్రీడర్లకు ఒక హక్కు ఇచ్చింది. ఈ కుక్క పిల్లలను నమోదు చేయరాదనో, దీనికి ఎక్స్‌పోర్ట్ పెడిగ్రీ ఇవ్వరాదనో ముందే షరతు రాయించవచ్చు. అది తీయాలంటే పెట్టినవారే తీయాలి. అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లో ‘లిమిటెడ్’ నమోదు ఉంది. అలాంటి కుక్క పేపర్లు అసలైనవే, దాని పిల్లలకు మాత్రం పేపర్లు రావు. కొనేటప్పుడు ఆ ఒక్క పదం చదవనివారు కుక్క ఈనాక గగ్గోలు పెడతారు.

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో గోల్డెన్ రిట్రీవర్‌తో తిరిగొచ్చే మన కుటుంబాల సంగతి ఇంకో రకం. అమెరికాలో బ్రీడర్ ఈత మొత్తాన్ని నమోదు చేసి, ఒక్కో పిల్లకు దరఖాస్తు ఇస్తాడు. దాన్ని పూర్తిచేసి పంపాల్సింది కొన్నవారు. పెంచుకోవడానికే కదా అని దాన్ని సొరుగులో పడేసినవారికి తిరుగు ప్రయాణం నాటికి చూపడానికి పత్రమేదీ ఉండదు. పొడి పేర్లతోనూ ఇబ్బందే. ‘సీకేసీ’ అంటే 1888లో పుట్టిన కెనడియన్ కెన్నెల్ క్లబ్ కావచ్చు, అమెరికాలో అదే పొడి పేరుతో నడిచే వేరే ప్రైవేటు రిజిస్ట్రీ కావచ్చు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ (బియ్యం గోదాముల ఎఫ్‌సీఐ కాదు, 1911లో ఐదు యూరప్ దేశాలు పెట్టుకున్నది) సభ్య క్లబ్బులు, దానితో ఒప్పందమున్న బ్రిటన్, అమెరికా, కెనడా క్లబ్బులు ఇచ్చిన పత్రాలకున్న చెల్లుబాటు మిగతావాటికి ఉండదు.

ఇంత కష్టపడి సంపాదించిన పత్రం ఏం చెబుతుంది? పుట్టుక చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. డాల్మేషియన్ల కథ చూడండి. ఈ జాతికి మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువ, మగవాటికి రాళ్లు కట్టే ముప్పు మరీ ఎక్కువ. దోషం జాతి మొత్తంలో స్థిరపడిపోయింది కాబట్టి, ఒకప్పుడు పేపర్లున్న ఏ రెండింటిని జతకట్టినా అదే వచ్చేది. 1973లో అమెరికన్ జన్యు శాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఒక్కసారి పాయింటర్ జాతితో సంకరం చేసి, ఆ పిల్లలను తరతరాలుగా డాల్మేషియన్లతోనే జతకట్టించారు. మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి, రాళ్ల ముప్పు పోయింది. 1981లో అమెరికన్ క్లబ్ వాటిలో రెండింటిని నమోదు చేసింది. అక్కడి డాల్మేషియన్ జాతి సంఘం అభ్యంతరం చెప్పడంతో ఆ నమోదు ఆపేసింది. 2010లో అమెరికా నుంచి వెళ్లిన అలాంటి కుక్కను బ్రిటన్ క్లబ్, అక్కడి జాతి సంఘాలు వద్దంటున్నా, తన పుస్తకంలో చేర్చుకుంది. ఆ మరుసటి ఏడాది గానీ అమెరికా మనసు మార్చుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పత్రం లేదు, పత్రమున్న కుక్కకు ఆరోగ్య భరోసా లేదు. దాదాపు ముప్పై ఏళ్లు అలాగే నడిచింది.

అందుకని పత్రాన్ని తేలిగ్గా తీసుకోమని కాదు. సొమ్ము చెల్లించింది ఆ మాట చూసే కాబట్టి మాట ఇచ్చినవాడికి బాధ్యత ఉండాలి. కెనడాలో జంతు వంశావళి చట్టమే ఉంది. శుద్ధజాతి అని చెప్పి అమ్మితే ఆరు నెలల్లోగా కొన్నవారి పేరిట నమోదు పత్రం ఇవ్వాల్సిందే, లేకపోతే నేరం. మన 2017 నాటి కుక్కల సంతానోత్పత్తి, విక్రయ నియమాలు బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలన్నాయి, ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మొద్దన్నాయి, చిప్ ఉండాలన్నాయి. అన్నీ మంచివే. ‘ఇంపోర్టెడ్ లైన్’ అని చెప్పి అమ్మినవాడు దాన్ని కాగితం మీద నిరూపించాలన్న షరతు మాత్రం లేదు. ఒకవైపు వ్యాపార దిగుమతిని ఆపి విదేశీ పుట్టుకకు గిరాకీ పెంచి, మరోవైపు ఆ పుట్టుక రుజువును అమ్మినవాడి ఇష్టానికి వదిలేయడం అరకొర విధానం. కెనడా నిబంధన లాంటిది ఈ నియమాల్లో చేర్చడానికి పెద్ద కసరత్తు అక్కర్లేదు.

అంతవరకు కొన్నవారికి మిగిలేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. దాని కింద జిల్లా కమిషన్‌కు వెళ్లాలన్నా రసీదు కావాలి. ఆ రసీదు మీద చిప్ నంబరు, పత్రమిచ్చే క్లబ్ పూర్తి పేరు, నమోదుపై షరతులేవైనా ఉన్నాయా లేవా, పత్రం చేతికిచ్చే తేదీ రాయించుకుని, ధరలో కొంత భాగాన్ని ఆ తేదీ దాకా ఆపి ఉంచాలి.