కూజా మొక్క పెరటికి నర్సరీ దారినే రావాలి

మేఘాలయలోని గారో, ఖాసీ, జైంతియా కొండల్లో పెరిగే నెపెంథిస్ ఖాసియానా భారతదేశంలో సహజంగా లభించే ఏకైక నెపెంథిస్ జాతి. గారో ప్రజలు దీనిని మెమాంగ్ కోక్సి, అంటే దయ్యపు బుట్ట అని పిలుస్తారు. నత్రజని కొరవడిన నేలల్లో బతకవలసి రావడంతో ఈ మొక్క తన ఆకు కొసను కూజాగా మలచుకుని, అందులో జారిపడిన చీమలు, ఈగల నుంచి పోషకాలను గ్రహిస్తుంది. ఈ వింతే దానికి చేటు తెచ్చింది. బొగ్గు తవ్వకం, పోడు సేద్యం వల్ల ఆవాసం కుంచించుకుపోతుండగా, మిగిలిన మొక్కలను అమ్మకానికి పెకలించడం మరో దెబ్బ అయింది.

సైట్స్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఈ జాతికి చోటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని అడవి నుంచి సేకరించడమే కాదు, లైసెన్సు లేకుండా పెంచడం, అమ్మడం కూడా నేరమే. చట్టం ఉద్దేశం సమంజసమే. అయితే గిరాకీ ఉన్నంత కాలం నిషేధం ఒక్కటే అడవి మొక్కను కాపాడలేదు. కొనేవారికి నర్సరీ మొక్క సులువుగా, చట్టబద్ధంగా దొరకాలి.

సాంకేతికంగా ఇది కష్టమైన పని కాదు. రెండు మూడు కణుపులున్న కొమ్మ ముక్కను తీసుకుని, ఆకులను సగానికి కత్తిరించి, స్ఫాగ్నం నాచులో గాని, బాగా కడిగిన కొబ్బరి పొట్టులో గాని నాటి, పాలిథీన్ కప్పు కింద తేమను నిలిపితే వేళ్లు వస్తాయి. విత్తన మార్గం ఇంత సులభం కాదు. ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలపై పూస్తాయి. విత్తనాలు మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతాయి. కణజాల వర్ధనం ద్వారా కూడా ఈ జాతిని వృద్ధి చేయవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో పెంపకందారులు ఎక్కువగా నష్టపోయేది నీటి వల్ల. లవణాలు అధికంగా ఉన్న బోరు నీరు కుండీలో పేరుకుని వేళ్లను మాడుస్తుంది. నిల్వ చేసిన వాన నీరే దీనికి తగినది. కడగని కొబ్బరి పొట్టులోని ఉప్పు చేసే హానీ అంతే. మిగతా మొక్కలకు వేసినట్లు గుప్పెడు డి.ఎ.పి. వేస్తే, మొక్క చచ్చిన తరువాత గాని తప్పు తెలియదు. కూజాలో మాంసపు ముక్కలు వేసే సరదా మరొకటి. అవి కుళ్లి కూజానే చెడగొడతాయి. రాయలసీమ, తెలంగాణ వేసవి గాలికి ఆకులు నిలిచినా కూజాలు ఎండిపోతాయి గనుక నీడ వల, తేమ తప్పనిసరి. కొత్తవారు ఫిలిప్పీన్స్ జాతుల సంకరమైన వెంట్రాటాతో మొదలుపెట్టడం మేలు. దానినైనా రసీదు, మూలం తెలిపే నర్సరీలోనే కొనాలి.

పెరటి పెంపకాన్ని జాతి సంరక్షణగా చెప్పుకోవడం మాత్రం అతిశయోక్తి. ఒకే తల్లి మొక్క ముక్కలతో వందల కుండీలు నిండినా అవన్నీ ఒకే లింగానికి, ఒకే జన్యు రూపానికి చెందినవే. దక్షిణ గారో కొండల్లోని బాఘ్‌మారా సంరక్షణ స్థలం వంటి ఆవాసాలకు అవి ప్రత్యామ్నాయం కావు. వాటి వల్ల తగ్గగలిగేది అడవి మొక్కపై ఒత్తిడి మాత్రమే. అందుకు కూడా ఒక షరతు ఉంది: ఉద్యాన విశ్వవిద్యాలయాల నర్సరీలు లైసెన్సు పొంది, ఆడ, మగ తల్లి మొక్కలను విడివిడిగా నమోదు చేసి, ప్రతి మొక్కను మూలం తెలిపే పత్రంతోనే విక్రయించాలి.