బల్ల మీది వూతకర్ర

బిలియర్డ్సు బల్ల వున్న ప్రతి గదిలోనూ గోడవార వొక పొడుగాటి కర్ర నిలబడి వుంటుంది. దాని చివర ఇత్తడితోనో, ప్లాస్టిక్కుతోనో చేసిన చిన్న తల, తలకు గాట్లు. బంతి చేతికి అందనంత దూరంలో వున్నప్పుడు ఆటగాడు దీన్ని బల్లమీద పరిచి, గాట్లో తన ఆటకర్ర ఆనించి కొడతాడు. కనీసం వొక పాదమైనా నేలమీద వుండాలన్నది నియమం గనుక, బల్లెక్కి కూర్చుని కొట్టే వీలు లేదు. ఇంగ్లీషువారు దీన్ని 'రెస్ట్' అన్నారు, అమెరికావారు 'బ్రిడ్జ్' అన్నారు. తెలుగు పంతులుకు పేరు పెట్టందే నిద్ర పట్టదు గదా! 'వారధి' అందామనుకుంటే, కోతులూ కొండలూ సముద్రమూ గుర్తుకువచ్చి పేరు మరీ పెద్దదైపోయింది. జపం చేసుకునే మునులు చెయ్యి ఆనించుకునే యోగదండం దీనికి దగ్గరి చుట్టమే. మా రాయచోటి వైపు మామిడితోపుల్లో కాపు బరువుకు వంగిన కొమ్మకు పంగలకర్ర పోటు పెడతారు. అది ఇంకా దగ్గరి చుట్టం. అందుచేత 'వూతకర్ర' అని ఖాయం చేశాను. పాఠకులు అభ్యంతరం చెబితే వింటాను గాని, మార్చను.

ఈ ఆటతో మనకేం సంబంధమని అడిగేవారుంటారు. స్నూకరు పుట్టింది లండనులో కాదు. మన జబల్పూరులో, 1875లో, సైన్యాధికారుల భోజనశాలలో. దాని నియమాలు గోడకెక్కింది ఉదకమండలం క్లబ్బులో. విల్సన్ జోన్సు 1958లో కలకత్తాలోనూ, 1964లో న్యూజిలాండులోనూ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్సు విజేత అయ్యాడు. ఇక రాయచోటికి ఆట వచ్చింది మాత్రం కువైటు మీదుగా. మా వీధుల్లో కువైటుతో సంబంధం లేని యిల్లు వెతకడం కష్టం. అక్కడ కొన్నేళ్లు పనిచేసి వచ్చిన వొకాయన, 2022లో వూరు జిల్లాకేంద్రమైన సందట్లో, వొక మిద్దెమీద రెండు పూలు బల్లలు వేశాడు. మా కాలేజీ కుర్రాళ్లు నా ఛందస్సు పాఠానికి యెందుకు తగ్గుతున్నారో తెలుసుకుందామని వెళ్లినవాణ్ణి, అక్కడే బెంచీమీద కూర్చోవడం మరిగాను.

అక్కడ మా రెండో సంవత్సరం కుర్రాడొకడు కనిపించాడు. చిన్నప్పుడు వేరుశనక్కాయలు వలిచే మిషను బెల్టులో పడి వాడి యెడమచేతి నడిమి మూడు వేళ్లూ పోయాయి. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. ఈ ఆటలో కుడిచెయ్యి కర్రను తోస్తుంది. గురిని నిలబెట్టేది యెడమచెయ్యి. అయిదు వేళ్లూ బల్లమీద పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో కర్రను నడపాలి. ఆ సందే వీడికి లేదు. దూరపు బంతులకే గాక, జానెడు దూరంలోని బంతికి కూడా వాడు గోడవారనున్న పొడుగు కర్రే తెచ్చుకునేవాడు. నాలుగడుగుల కర్రను ముంగిట పెట్టుకుని జానెడు దూరం కొట్టడమంటే, గరిటె తగిలించిన గడతో అన్నం వడ్డించడమే. పైగా దాని తల వదులు. కొట్టబోయే క్షణాన అది కదిలి బంతికి తగిలితే తప్పు కింద లెక్క.

తోటివాళ్లు నవ్వేవారు. నవ్వు వొక్క మా వూళ్లోనే కాదు. అమెరికాలో కూడా ఈ కర్రకు 'ముసలమ్మ కర్ర' అని వెక్కిరింపు పేరుంది. వాడు నవ్వుకు జడవలేదు గాని, వొకనాడు పందెం ఆటలో ఓడినవాడు, "ప్రతి దెబ్బకూ ఆ కర్ర పెడితే అది ఆటెట్లయితాది? చెల్లదు" అని అడ్డం తిరిగాడు. గది యజమాని యెటూ తేల్చలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు కుర్రాడు ఆ మెట్లెక్కలేదు.

నాకు ఆట రాదు గాని పుస్తకం చదవడం వచ్చు. ప్రపంచ పూల్ బిలియర్డ్ సంఘంవారి నిబంధనలు తీసి చూశాను. వొక దెబ్బకు రెండు వూతకర్రల వరకు వాడుకోవచ్చు. వాటిని యెలా అమర్చుకుంటాడన్నది ఆటగాడి యిష్టం. మామూలు వాటిని పోలివుంటే తన సొంతది తెచ్చుకోనూవచ్చు. ఆ పుటను తెలుగులో రాసి గది గోడకు అంటించాను. వ్యాకరణ దోషం లేదు గనుక యెవరూ కాదనలేదు.

సొంతది తెచ్చుకోవచ్చు సరే, యెక్కడ తెస్తాడు? తపాలాలో వొకటి తెప్పించాం. వేరే ఆటకర్ర చివరకు తొడిగే ప్లాస్టిక్కు తల. చూడముచ్చటగా వుంది. వారం తిరగకముందే దాని పట్టు సడలి, కర్ర వొకవైపు, తల వొకవైపు చూడటం మొదలుపెట్టాయి. ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టాల కర్రలు కూడా అమ్ముతారట. సంచిలో పడతాయి నిజమే, కాని అతుకు అతుకుకూ కాస్త కాస్త వణుకు. సంచిలో పట్టాలంటే తేలిక కావాలి, కదలకుండా నిలవాలంటే బరువు కావాలి. చిక్కంతా అక్కడే.

చివరకు మా వీధి వడ్రంగి పెద్దాయన దగ్గరకు పోయాం. ఆయన జన్మలో పూలు బల్ల చూడలేదు. బంతి వొకటి అడిగి తీసుకుని, అరచేతిలో దొర్లించి, "ఇది ఎంత లావుంది సార్?" అన్నాడు. 57 మిల్లీమీటర్లు. "అంటే కర్ర దీని నడుముకు తగలాల. సగం ఎత్తున ఒక గాటు." అదీ లెక్క! నేలనుంచి మూడు సెంటీమీటర్ల లోపున వొక గాటు, దాని పక్కన కాస్త యెత్తున మరొకటి. అడ్డం వచ్చిన బంతిమీదుగా కొట్టవలసినప్పుడు వుంటుందని, యేడున్నర సెంటీమీటర్ల యెత్తున కొమ్ములాంటిది ఇంకొకటి.

"సార్, యెర్రచందనంతో చేస్తే నిగనిగలాడతాది" అన్నాడు కుర్రాడు. "ఆడుకునేదానికి ఆట బల్ల వుండదప్పా, కోర్టు మెట్లుంటాయి" అన్నాడు పెద్దాయన. తుమ్మచేవ తీసుకున్నాడు. బరువు సంగతి ఆయనే తేల్చాడు: దిమ్మె అడుగున గుంట తొలిచి, అంగట్లో మూలబడ్డ 200 గ్రాముల తూకంరాయి వొకటి అందులో బిగించాడు. యజమానికి బల్లమీది ఆకుపచ్చ ఉన్నిగుడ్డ చిరుగుతుందని బెంగ. అందుకని అడుగున మెత్తటి తోలు అంటించాడు. గాట్లు గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నన చేశాడు, లేకపోతే ఆటకర్ర మెరుగు పోతుందట. పిడి రెండు ముక్కలు. వాటిని కలిపే ఇత్తడి మర లేతు షాపులో కోయించాం. దగ్గరి బంతికి పిడి అక్కరలేదు. అరచేతి అడుగుతో దిమ్మెను వొత్తిపట్టుకుంటే చాలు. దూరానికి వొక ముక్క, మరీ దూరానికి రెండు.

మొదటిరోజు ఆ దిమ్మెను బల్లమీద పెట్టినప్పుడు అయిన చప్పుడుకు గదిలో అందరూ తిరిగి చూశారు. వాడు కొట్టిన బంతి మూల సంచిలో పడింది. రెండోది పడలేదు, మూడోది పడింది. వెనక పందెం కాదన్నవాడే ముందుకు వచ్చి, "ఏదీ, ఒకతూరి నాకియ్యి" అని అడిగి, దిమ్మెను అటూ ఇటూ తిప్పి, బరువు చూసి యిచ్చేశాడు.

యిప్పుడది వాడి పుస్తకాల సంచిలోనే వుంటోంది. మదనపల్లెలో ఆడటానికి పోతూ బస్సులో తీసుకుపోయాడు. నిలువు కొమ్ము మాత్రం ఇంకా కొంచెం వణుకుతోంది. వుగాది పెళ్లిళ్ల మంచాల పని తీరాక దాన్ని విప్పి బిగిస్తానని పెద్దాయన అన్నాడు.